చేతి నుంచి చేతికి: తెలుగునాట పుస్తకం తిరిగే దారులు

తెలుగులో మామూలు పుస్తకం ఒకటి అచ్చు వేస్తే వెయ్యి ప్రతులు వేస్తారు. జాగ్రత్తపరులు ఐదువందలతో ఆపుతారు. ఆ అంకె చూసి తెలుగువాళ్ళు చదవరని తేల్చేయడం తేలిక. అయితే అది కొన్నవాళ్ళ లెక్క. కొన్న ప్రతి ఇంటికి చేరాకే దాని తిరుగుడు మొదలవుతుంది. “ఏం చదువుతున్నావు?” అని ఒకరు అడుగుతారు. “బావుందా?” అన్నది రెండో మాట. “అయ్యాక నాకివ్వు” అన్నది మూడోది. దుకాణంలో నాలుగు పుస్తకాలు తిరగేసి, నచ్చింది ఏరుకునే వీలు విజయవాడ, హైదరాబాదు వాళ్ళది. అద్దంకి లాంటి చిన్న పట్నానికీ, దాని చుట్టూ పత్తి, మిరప, పొగాకు పండే పల్లెలకూ పుస్తకం ఎక్కువగా ఎవరో ఒకరు చెబితేనే వచ్చింది, ఎవరో ఒకరి చేతి మీదుగానే వచ్చింది.

ఈ ‘ఎవరో చెప్పడం’ అద్దంకిలో చాలా పాతది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి గుండ్లకమ్మ ఒడ్డున ఈ ఊరిని రాజధాని చేసుకుని రెడ్డి రాజ్యానికి పునాది వేశాడు. రాజధాని తర్వాత కొండవీడుకు మారింది. వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన ‘హరివంశం’ అవతారికలో రాజు మాటలుగా కొన్ని సంగతులు చెప్పాడు. ఈ కవిని రాజు దగ్గరికి తెచ్చింది ఆయన తమ్ముడు మల్లారెడ్డి. ఎఱ్ఱన అప్పటికే రాజు పేర రామాయణం రాశాడు, అది ఇప్పుడు దొరకడం లేదు. అది విన్న రాజుకు తనివి తీరక, భారతం తర్వాతి కథ అయిన హరివంశం కూడా తెలుగులో వినాలని ఉందన్నాడు. తమ్ముడు ఒక కవిని చూపించడం, అన్న ఒక పుస్తకం విని ఇంకొకటి అడగడం, ఆ అడిగింది పుట్టడం. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు ఒకే రచయిత పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి తెప్పించుకునే పద్ధతి ఇదే. తేడా ఏమిటంటే రాజు అడిగితే లేని పుస్తకం కూడా తయారవుతుంది.

తాటాకుల కాలంలో పుస్తకం గురించి వినడం ఒక ఎత్తు, దాన్ని సంపాదించడం ఇంకో ఎత్తు. ఫలానా ఊళ్ళో ఫలానా వారింట ప్రతి ఉందని తెలిస్తే వెళ్ళి బతిమాలి తెచ్చుకోవాలి. గంటంతో ఆకు మీద గీసి రాసుకుని, మూల ప్రతిని తిరిగి అప్పగించాలి. అంటే అరువు తెచ్చుకున్నవాడే ఇంకో ప్రతి తయారుచేసేవాడు. పుస్తకం చివర లేఖకుడు సంవత్సరం పేరు, తిథి, తన పేరు రాసి, తప్పులుంటే మన్నించమని వేడుకునేవాడు. చాలా ప్రతుల్లో పుస్తకమే నోరు తెరిచి చెప్పుకున్నట్టు ఒక వేడికోలు కూడా కనిపిస్తుంది: నూనె అంటనీయకండి, నీళ్ళలో తడవనీయకండి, కట్టు వదులు చేయకండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి. పుస్తకం అరువిచ్చినవాడి గుండెదడ అంతా ఈ నాలుగు కోరికల్లోనే ఉంది. సి.పి. బ్రౌన్ పందొమ్మిదో శతాబ్దంలో తెలుగు కావ్యాల ప్రతులు పోగుచేసినప్పుడు కడపలో తన బంగళాలో పండితులను జీతానికి పెట్టుకుని ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పోల్పించాడు. అన్ని ఊళ్ళలో అన్ని ప్రతులు దొరికాయంటే, అంతకుముందు అన్ని చేతులు వాటిని అరువు తెచ్చుకుని రాసుకున్నాయని అర్థం.

అచ్చు వచ్చాక ప్రతి చవకైంది. ఏది చదవాలో చెప్పే మనిషి అవసరం మాత్రం తగ్గలేదు, పెరిగింది. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ఆ పనిని తన నెత్తిన వేసుకుంది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్ళు దాని వెనక ఉన్నారు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్రలు, నవలలు వాళ్ళే ఎంచి, రాయించి, శాశ్వత చందాదారులకు తక్కువ ధరకు పంపేవారు. చందాదారుడు పుస్తకాన్ని కాక, ఎంచిన పెద్దమనిషి అభిరుచిని కొనుక్కునేవాడు. ఇదే మెలకువ తర్వాత రోజుల్లో ఎమెస్కో వారి ‘ఇంటింటా గ్రంథాలయం’లోనూ కనిపిస్తుంది. అక్కడ ఎంపిక జనరంజకమైన నవలల వైపు మొగ్గింది, పుస్తకం తపాలాలో గుమ్మం దాకా వచ్చింది.

గ్రంథాలయోద్యమం దీన్ని ఊరూరికీ తీసుకెళ్ళింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి సభ చేశారు. అయ్యంకి వెంకటరమణయ్య దాన్ని నడిపించారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. చూపు సరిగా లేక ఇతరుల చేత చదివించుకునే మనిషి ఆ పీఠం మీద కూర్చోవడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ సరిగ్గా కుదిరింది. ఆ రోజుల్లో గ్రంథాలయం అంటే చదువు వచ్చినవాళ్ళు కూర్చుని చదువుకునే గది ఒక్కటే కాదు. పత్రిక ఒకరు పైకి చదివితే చుట్టూ పదిమంది వినేవారు. వినడమూ చదువు కిందే లెక్క. ఉద్యమం గ్రంథాలయ యాత్రలు చేయించింది, పత్రిక పెట్టింది, గ్రంథాలయాలకు తగిన పుస్తకాల ఎంపికను పట్టించుకుంది.

ఇవన్నీ కూడిన చోటు అద్దంకికి తూర్పున, చీరాల పక్కన, సముద్రానికి దగ్గర్లో ఉన్న వేటపాలెం. 1918 అక్టోబరు 15న ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి అక్కడి హిందూ యువజన సంఘం తరఫున ఒక గ్రంథాలయం ప్రారంభించారు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీ ఆ ఊరికి వచ్చారు. ఆయన విరిగిన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది, చూడవచ్చినవాళ్ళకు ముందుగా దాన్నే చూపిస్తారు. పరిశోధకులకు మాత్రం కర్ర కంటే పాత సంపుటాలే విలువైనవి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వరసలు వేటపాలెంలో దొరుకుతాయన్న కబురు తెలుగు సాహిత్యం మీద పనిచేసేవాళ్ళలో నోటి మాటగా పాకింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు చేనేత మగ్గాల ఊరికి రైలెక్కి రావడానికి కారణం అదే. ఒక పుస్తకం బాగుందని చెప్పడం లాగే, ఒక పుస్తకం ఫలానా చోట ఉందని చెప్పడం కూడా సిఫారసే.

పాతూరి నాగభూషణం ఇంకో అడుగు ముందుకు వేశారు. చదువరి గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే చదువరి దగ్గరికి వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా 1935లో కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. కృష్ణా కాలువల్లో అప్పట్లో జనం పడవల మీద ప్రయాణం చేసేవారు. పడవ మెల్లగా సాగుతుంది, దిగాల్సిన రేవు దూరం, చేతిలో పని లేదు. చదవడానికి ఇంతకంటే అనువైన చోటు బస్సుల్లోనూ, రైళ్ళలోనూ దొరకలేదు. ఈ కాలువల భాగ్యం అప్పట్లో మెట్ట ప్రాంతమైన అద్దంకి వైపు లేదు. అక్కడ పుస్తకం మనిషి సంచీలోనో, బండి మీదో రావాల్సిందే.

తెలంగాణలో అలాంటి సంచీ మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకుని ఊళ్ళు తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో ఆ పుస్తకాలకు దుకాణం, ప్రకటన, పంపిణీ అన్నీ ఆ ఒక్క మనిషే. గుమ్మం ముందు నిలబడి ఈ పుస్తకంలో ఏముందో చెప్పగలిగినవాడే అక్కడ అమ్మగలడు. అమ్మేవాడు చదివి ఉండాలన్న ఆ నియమం ఇప్పుడు చాలా దుకాణాల్లో లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఒకరిద్దరు పుస్తకాల షాపువాళ్ళు బల్ల వెనక నుంచి “అది తీసుకోకండి, ఇది తీసుకోండి” అంటారు. వాళ్ళ దగ్గరికి జనం మళ్ళీ మళ్ళీ వెళ్తారు.

చేతి నుంచి చేతికి సాగే ఈ పద్ధతిలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. చేతులు తెలిసిన చేతులకే అందుతాయి. ఎవరింటికి ఎవరు వెళ్ళగలరో వాళ్ళ మధ్యే పుస్తకం తిరుగుతుంది. ఊళ్ళో వీధులు కులాల వారీగా విడిపోయి ఉన్నప్పుడు పుస్తకం కూడా ఆ హద్దుల దగ్గరే ఆగింది. అద్దంకికి ఎక్కువ దూరం లేని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా సాహిత్య సభల్లో కూడా అంటరానితనం ఎదుర్కొన్నారు, ఆ సంగతులు తన ఆత్మకథలో పద్యాలుగా రాశారు. కవికే గడప దగ్గర అడ్డు పడితే, ఆయన వీధిలో పుస్తకం అరువడిగే కుర్రవాడి మాట చెప్పక్కరలేదు. గుంటూరు ప్రాంతంవారే అయిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైలులో రాశారు. 1922లో అచ్చయిన ఆ నవలను ప్రభుత్వం నిషేధించింది. అది ఎవరి బతుకు గురించి రాశారో వాళ్ళలో చాలామందికి అప్పటికి అక్షరం రాదు.

ఈ హద్దును కొంతైనా చెరిపింది ప్రభుత్వ గ్రంథాలయం. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం, దాని తర్వాత 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద మండల కేంద్రాల్లో శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సకాలంలో చేరదన్నది పాత ఫిర్యాదు. అయినా డిపాజిట్టు కట్టి కార్డు తీసుకున్న ఎవరికైనా, ఏ వీధివాళ్ళకైనా ఒకటే పుస్తకం, ఒకటే గడువు.

శాఖా గ్రంథాలయం పుస్తకంలో చివరి అట్టకు అంటించి ఉండే చిన్న గడువు చీటి దగ్గర కాస్త ఆగాలి. గీతల మధ్య తేదీ ముద్రలు వరసగా ఉంటాయి, కొన్ని ఊదా రంగువి, కొన్ని సగం పడినవి, కొన్ని పక్కకు ఒరిగినవి. కొత్త చదువరికి పుస్తకం పేరు కంటే ముందు ఈ చీటి చూడడం అలవాటు. చీటీ మీద చీటీ అంటించి ఉంటే ఆ పుస్తకానికి ఊళ్ళో గిరాకీ ఉందన్నమాట. పదేళ్ళలో రెండే ముద్రలుంటే అది బీరువాలోనే బతికిందని తెలుస్తుంది. ఇంకా పాత పాఠకుల వ్యాఖ్యలు ఉంటాయి, పెన్సిలుతో మార్జిన్లలో: “చాలా బాగుంది”, “సుత్తి”, “రెండో కథ చదవండి”. డిటెక్టివ్ నవలల్లో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టే దుర్మార్గులూ ఉంటారు. పుస్తకం పోకుండా గ్రంథాలయాలు మొదటి పేజీతో పాటు లోపల ఒక నిర్ణీత పేజీ మీద కూడా ముద్ర వేస్తాయి. ముందు పేజీ చింపేసి అమ్ముకున్నా లోపలి ముద్ర పట్టిస్తుంది. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే ప్రతి చదువరికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి దొరకాలన్నారు. ఆ జతను అద్దంకి లాంటి చోట కుదిర్చేది గ్రంథపాలకుడు. ఎవరు ఏం చదువుతారో గుర్తుపెట్టుకుని, కొత్తగా వచ్చిన పుస్తకాన్ని ఆ మనిషి కోసం బల్ల కింద దాచిపెట్టే గ్రంథపాలకుడు ఉన్న ఊరూ, లేని ఊరూ ఒకటి కావు. చాలా శాఖల్లో ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, లేదా ఒకే మనిషి రెండు మూడు ఊళ్ళు చూసుకుంటాడు.

గ్రంథాలయానికి వెళ్ళనివాళ్ళ లెక్క వేరు. 1950ల నుంచి 1980ల దాకా తెలుగు ఇళ్ళలో చదువు ఎక్కువగా వారపత్రికల మీద నడిచింది. ఒక ఇంట్లో ఆంధ్రప్రభ, పక్కింట్లో ఆంధ్రపత్రిక, ఎదురింట్లో ఆంధ్రజ్యోతి. ఎవరూ మూడూ కొనరు, అందరూ మూడూ చదువుతారు. శుక్రవారానికి “వదినా, ప్రభ అయిందా?” అన్న కేక గోడ మీదుగా వస్తుంది. “మా ఆయన చదువుతున్నారు, సాయంత్రం పిల్లాడితో పంపిస్తా” అన్నది జవాబు. గ్రంథాలయం గుమ్మం తొక్కని ఆడవాళ్ళకు పుస్తకాలు పిల్లల చేతులమీదుగా, గోడలమీదుగా అందేవి. వాళ్ళ మధ్యే సీరియల్ గురించి విడ్డూరమైన విమర్శ నడిచేది: ఆ పిల్ల అతన్ని చేసుకోకూడదు, రచయిత్రి పొరపాటు చేసింది, వచ్చే వారం చూద్దాం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల్లో జ్యోతి మాసపత్రికలో వచ్చినప్పుడూ, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడూ ఈ చర్చ ఊళ్ళకు ఊళ్ళు పట్టుకుంది. పండిత విమర్శకులు ఆ నవలల్ని కాలక్షేపం అని కొట్టిపారేశారు. ఆ మాటలో నిజం ఉండవచ్చు. కానీ ఒకే కథను ఒకే సమయంలో ఇంతమంది చదివి మాట్లాడుకోవడం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

సీరియల్ అయిపోయాక ఇంకో పని ఉండేది. వారవారం ఆ నాలుగైదు పేజీలు జాగ్రత్తగా విప్పి, పిన్నులు తీసి, వరసలో పెట్టి, సూదికి లావుపాటి దారం ఎక్కించి కుట్టేవాళ్ళు. ఓపిక, డబ్బు ఉన్నవాళ్ళు బైండరుకిచ్చి కాలికో గుడ్డ అట్ట, వీపున కాగితం పట్టీ వేయించేవాళ్ళు. మధ్యలో ఒక వారం పత్రిక ఎవరో అరువు తీసుకుని తిరిగి ఇవ్వకపోతే ఆ కుట్టిన పుస్తకంలో ఒక భాగం ఉండదు, అక్కడ తెల్లకాగితం పెట్టి చేత్తో కథ సారాంశం రాసిపెట్టిన సంపుటాలు పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఆ ఇంటి కుట్టు పుస్తకాలకు ధర లేదు, ప్రచురణకర్త లేడు. బంధువుల ఇళ్ళకు వేసవి సెలవుల్లో సంచీలో వెళ్ళి, దసరాకు ఇంకో ఊరి నుంచి తిరిగి వచ్చేవి.

అద్దె పుస్తకాల షాపు దీనికి వ్యాపార రూపం. బస్టాండు దగ్గర్లోనో, సినిమా హాలు వీధిలోనో చిన్న గది, మూడు వైపులా బల్లలు, ఖాకీ కాగితం అట్టలు, అట్ట మీద రంగు పెన్నుతో నంబరు. కొంత డిపాజిట్టు, రోజుకు పైసల్లో అద్దె. కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు డిటెక్టివ్ నవలలు ఒక బల్ల మీద, ఆడవాళ్ళ నవలలు ఒక బల్ల మీద. అద్దె రోజు లెక్కన కాబట్టి ఒకే రాత్రిలో చదివి తెల్లారి ఇచ్చేయాలి. ఆ తొందరలోనే ఒక తరం వేగంగా చదవడం నేర్చుకుంది. షాపువాడికి ప్రతి ఖాతాదారు రుచీ తెలుసు. “మీకు ఇది నచ్చదు బాబాయ్, మొన్న తీసుకెళ్ళింది సగంలోనే ఇచ్చేశారుగా” అనగలిగే మనిషి అతను. ఇప్పుడు కంప్యూటర్లు ఇదే పని చేస్తున్నాయని గొప్పగా చెబుతారు. టీవీ సీరియళ్ళు వచ్చాక ఈ షాపులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి, కొన్ని ఫాన్సీ షాపులయ్యాయి, కొన్ని జిరాక్సు షాపులయ్యాయి.

ఇదే కాలంలో ఇంకో రకం పుస్తకం కూడా ఊళ్ళు తిరిగింది. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపిన నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు మంచి కాగితం, గట్టి అట్ట, అతి తక్కువ ధరతో విశాలాంధ్ర దుకాణాలకు చేరేవి. గోర్కీ ‘అమ్మ’ ఎంతమంది చేతులు మారిందో చెప్పడం కష్టం. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అలెక్స్ హేలీ నవలను సహవాసి తెలుగు చేయగా ‘ఏడు తరాలు’గా అందించింది. దాని ప్రచారం చాలా వరకు చదివినవాళ్ళ నోటి మీదే నడిచింది. నిజానికి తెలుగులో అన్నిటికంటే పేరున్న సిఫారసు ఒక ముందుమాట. శ్రీశ్రీ కవితల సంపుటికి చలం 1940లో ‘యోగ్యతాపత్రం’ రాశారు. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. పదేళ్ళ ముందే సిఫారసు సిద్ధమై, పుస్తకం దాని వెనక వచ్చిందన్నమాట. ఆ ముందుమాట ఎందుకు పనిచేసిందంటే, అది కవితల గుణగణాలు లెక్కపెట్టదు. చదివిన మనిషికి ఏమవుతుందో చెబుతుంది. ఆ తర్వాత తెలుగులో వచ్చిన ముందుమాటల్లో ఎక్కువ భాగం పెళ్ళి శుభలేఖ మర్యాదలే. ఆవిష్కరణ సభలో పుస్తకం గురించి అరగంట మాట్లాడిన వక్త దాన్ని వేదిక మీదే మొదటిసారి తెరిచాడని శ్రోతలకు తెలిసిపోతుంది, అతనికి మాత్రం తెలియదు.

మంచి సిఫారసు చేసే మనిషి చేసేది చాలా చిన్న పని. ఎదుటి మనిషిని బట్టి పుస్తకం ఎంచుతాడు. స్కూలు చదువు తర్వాత ఏమీ చదవనివాళ్ళకు విశ్వనాథ ‘వేయిపడగలు’ చేతిలో పెడితే వాళ్ళు మళ్ళీ అతని గుమ్మం ఎక్కరు. అదే సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ ఇస్తే పని జరుగుతుంది. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఆ కథలు ఒక్కొక్కటి రెండు మూడు పేజీలు, కృష్ణ ఒడ్డున, అప్పటి గుంటూరు జిల్లా మనుషుల మధ్య జరుగుతాయి, మాట తీరు అద్దంకివాళ్ళకు పరాయిది కాదు. నవ్వాలనుకునేవాళ్ళకు మొక్కపాటి ‘బారిష్టరు పార్వతీశం’. కొంచెం ఓపిక ఉందని తేలాక గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరికి మిగిలేది’. విశ్వనాథ కావాలంటే ముందు ‘ఏకవీర’, పెద్దది తర్వాత. ‘కన్యాశుల్కం’ అడిగితే 1909 నాటి రెండో కూర్పు ఇవ్వాలి, జనం మాట్లాడుకునే గిరీశం అందులోవాడే. ఇది పాఠ్యప్రణాళిక కాదు. ఇద్దరు మనుషుల మధ్య పరిచయాన్ని బట్టి మారుతుంది. అన్నింటికంటే పనికొచ్చే మాట “బాగుంది” కాదు, “మొదటి నలభై పేజీలు విసుగ్గా ఉంటుంది, తర్వాత వదలవు”. అలా లోపం ముందే చెప్పినవాడి మాటను జనం నమ్ముతారు.

ఇచ్చిన పుస్తకం తిరిగి రావడం మాత్రం ఏ కాలంలోనూ తేలని సమస్య. పరుల చేతికి వెళ్ళిన పుస్తకం ఇక రాదని సంస్కృతంలో పాత లోకోక్తి, తెలుగు ఇళ్ళలో అది బీరువా అద్దం మీద కూడా రాసిపెట్టుకుంటారు. జాగ్రత్తపరులు చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఎవరికి ఎప్పుడు ఇచ్చారో రాస్తారు. ఇంకొందరు ఇవ్వాలనుకున్న పుస్తకానికి రెండు ప్రతులు కొంటారు, ఒకటి పోయేదానికి. మార్చుకోవడం ఇందుకే మేలైన పద్ధతి: నీది నా దగ్గర, నాది నీ దగ్గర, ఇద్దరికీ తిరిగి ఇవ్వాలన్న గరజు ఉంటుంది.

తెలుగువాళ్ళు దేశం దాటాక ఈ అలవాటు కొత్త వేషం వేసింది. 1998లో అమెరికాలో డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి మొదలైంది. నెలకొకసారి సభ్యులు ఒక పుస్తకం ముందే చదివి వచ్చి చర్చిస్తారు, ఆ చర్చలను వ్యాసాలుగా అచ్చేస్తారు. పుస్తకం అందరూ చదివి రావాలన్నది ఒక్కటే నియమం, అది ఎంత కష్టమో నడిపేవాళ్ళకు తెలుసు. అదే ఏడాది సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలు ఊరంతా ఒకే పుస్తకం చదవాలన్న కార్యక్రమం పెట్టింది, తర్వాత అది అమెరికా అంతా పాకింది. 2009లో విస్కాన్సిన్ రాష్ట్రం హడ్సన్‌లో టాడ్ బోల్ టీచరైన తన తల్లి జ్ఞాపకంగా ఇంటి ముందు బడి ఆకారంలో చిన్న పెట్టె పెట్టాడు: ఒక పుస్తకం తీసుకో, ఒకటి పెట్టు. ఆ పెట్టెలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వీధిలో ఏ వస్తువు వదిలినా సాయంత్రానికి ఉండదని నమ్మే మన ఊళ్ళలో అవి నిలుస్తాయా అన్నది వేరే చర్చ. టీ హోటల్లో పత్రిక రోజంతా బల్ల మీదే ఉండి వందమంది చేతులు మారుతుందని మర్చిపోకూడదు.

తెలుగు నేల మీదకు వస్తే, శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు మాస్టారు కథానిలయం ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన కథ ఏది కావాలన్నా వెతికి నకలు తీసి పంపించడం ఆ సంస్థ చేసిన పెద్ద సేవ. ఎవరో చెప్పగా విన్న కథ, ఎక్కడా దొరకని కథ, అక్కడికి ఉత్తరం రాస్తే జిరాక్సు అయి వచ్చేది. తాటాకు అరువు తెచ్చుకుని రాసుకున్న పద్ధతి యంత్రం మీదకు మారింది.

అద్దంకి లాంటి పట్నంలో ఇప్పుడు గ్రంథాలయం కుర్చీల్లో ఎక్కువమంది పోటీ పరీక్షల పిల్లలు. సాహిత్యం చదివేవాళ్ళు ఫోనులో ఉన్నారు. ఫలానా నవల అట్ట ఫోటో వాట్సాప్‌లో పడుతుంది, కింద ‘ఇది ఎక్కడ దొరుకుతుంది?’ అన్న మాట వరసగా పదిమంది నుంచి వస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో ‘చదవడం మాకిష్టం’ అన్న కార్యక్రమం మొదలైంది, పిల్లలకు పాఠ్యపుస్తకం కాని పుస్తకం చేతిలో పెట్టడం దాని ఉద్దేశం. దుకాణాలు తగ్గినా, తపాలా ఒక్కటే మిగిలిన దారిగా చిన్న ప్రచురణకర్తలు చాలా ఏళ్ళు నెట్టుకొచ్చారు. పుస్తకాల కోసం తపాలా శాఖ తక్కువ ధరకు నడిపిన రిజిస్టర్డ్ పుస్తకాల సేవ 2024 డిసెంబరులో రద్దయింది. నూటయాభై రూపాయల కవితా సంపుటిని మామూలు పార్సిల్‌లో పంపితే ఖర్చు పుస్తకం ధరను తరుముకొస్తుంది. అందుకే పుస్తకాలు మార్చుకునేవాళ్ళు నాలుగైదు ఒకే కట్టలో కట్టి, ఊరికి వెళ్ళే మనిషి చేతనో, ఆర్టీసీ కార్గోలోనో పంపుతున్నారు. కట్ట అద్దంకి బస్టాండులో దిగాక అందులో ఏది ఎవరు ముందు చదవాలన్నది మళ్ళీ ఫోనులోనే తేలుతుంది.